ఆగిపోయిన ఉత్తరకథకు మరొక దారి

కథను ఆరంభించినవాడే దానిని ముగించవలెనన్న నియమం సాహిత్యచరిత్రలో ఏనాడూ నిలువలేదు. 11వ శతాబ్దిలో నన్నయ అరణ్యపర్వ మధ్యంలో విడిచిన భారతాన్ని 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం నుండి అందుకొన్నాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వశేషాన్ని 14వ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించి, రాజరాజనరేంద్రునికే అంకితం చేసినాడు. పూరణం నన్నయ పలుకుబడితో మొదలై, పోను పోను తిక్కన ధోరణికి చేరువ కావడం అందలి ప్రజ్ఞ అని విమర్శకులు చెప్పుతూ వచ్చినారు. ఒకరు విడిచిన కథను మరొకరు అందుకొనేటప్పుడు పాటింపవలసిన ధర్మమేమి అన్న ప్రశ్నకు తెలుగువారికి తెలిసిన మొదటి సమాధానం అదియే.

ఈ పాత ప్రశ్న గడచిన మూడు దశాబ్దాలలో ఎవరూ ఎదురుచూడని తావున మరల తల ఎత్తినది. ఆ తావు వీడియో గేమ్. దానిని పిల్లల కాలక్షేపమని త్రోసిపుచ్చడం సులభం. కాని వాటిలో కొన్నింటికి పెద్ద నవలకు తగినంత ఇతివృత్తం ఉన్నది. రచయితలు సంభాషణలు వ్రాస్తారు, నటులు గళమిస్తారు. భేదం ముఖ్యంగా ఒక్కటి. నవలలో నాయకుడు తలుపు తెరచినాడని రచయిత చెప్పుతాడు. గేమ్‌లో ఆ తలుపు ఆడేవాడే తెరువవలెను. తెరువనిదే కథ సాగదు. కనుక నాయకుని పాపపుణ్యాలలో ఆడేవానికి కూడ కొంత పాలు దక్కుతుంది. అట్టి కథ నడుమ నిలిచిపోయినప్పుడు కలిగే వెలితి, చివరి పుటలు చినిగిన నవల చదివినప్పటి వెలితి కంటె కొంత భిన్నమైనది. తాను చేసిన పనికి ఫలమేమో తెలియక నిలిచిపోయినవాని వెలితి అది.

దీనికి మంచి ఉదాహరణం ‘లెగసీ ఆఫ్ కెయిన్’ అనే రక్తపిశాచ కథామాలిక. దాని ఉత్తరకథలు రెండు పర్యాయాలు ఆరంభమై, రెండు పర్యాయాలూ రద్దయినవి. ఆ ఉత్తరకథకు వేరొక మార్గం ఊహింపబూనినవారు ముందుగా ఈ జాతి కథల పుట్టుకను ఒకమారు తలచుకొనుట మేలు.

1816 వేసవిలో జెనీవా సరస్సు తీరాన బైరన్ అద్దెకు తీసుకొన్న భవనంలో షెల్లీ, మేరీ, బైరన్ వైద్యుడైన పోలిడోరి మొదలైనవారు కలిసినారు. తలకొక భయానక కథ వ్రాయవలెనని పందెం వేసుకొన్నారు. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ ఆ పందెపు ఫలమే. అది 1818లో అచ్చయినది. బైరన్ మాత్రం కొన్ని పుటలు వ్రాసి విడిచిపెట్టినాడు. ఆ తునకలో డార్వెల్ అనే వింత పురుషుడు తూర్పు దేశ యాత్రలో ఒక శ్మశానాన మరణిస్తూ, తన మరణవార్త ఎవరికీ తెలుపరాదని తోడి యాత్రికుని చేత ప్రమాణం చేయించుకొంటాడు. కథ అంతటితో నిలిచినది. పోలిడోరి ఆ ప్రమాణాన్ని అందుకొన్నాడు. అతడు వ్రాసిన ‘ది వాంపైర్’లో చచ్చినవాడు తిరిగివచ్చి యాత్రికుని చెల్లెలినే వివాహమాడబోతాడు; మాట ఇచ్చిన అన్న నోరు విప్పలేడు. 1819లో ఆ కథ ఒక పత్రికలో బైరన్ పేరుతో వెలువడినది. తనది కాదని బైరన్ చెప్పినాడు; అతని తునక అదే సంవత్సరం ‘మజెప్పా’తో కలిసి అచ్చయినది. ఆంగ్ల వచనంలో రక్తపిశాచ కథకు ఆద్యమైన రచన, ఇట్లు, ఒకరు విడిచిన కథకు మరొకరు వేసిన దారి. పోలిడోరి కొత్త ముడి ఏదీ తేలేదు. బైరన్ వేసి వదిలిన ముడినే బిగించినాడు.

మరొక ఉదాహరణం 1922 నాటి జర్మన్ చలనచిత్రం ‘నోస్‌ఫెరాతు’. 1897లో వెలువడిన స్టోకర్ నవల ‘డ్రాకులా’ను అనుమతి లేకుండ, పేర్లు మార్చి మూర్నౌ తెరకెక్కించినాడు. స్టోకర్ భార్య వ్యాజ్యం వేయగా, ప్రతులు నాశనం చేయవలెనని 1925లో న్యాయస్థానం ఆజ్ఞాపించినది. కొన్ని ప్రతులు మిగిలినవి. నవలలోని డ్రాకులా పగటివేళ తిరుగగలడు. ఎండలో అతని శక్తులు తగ్గుతవి గాని ప్రాణం పోదు. చలనచిత్రంలోని పిశాచి సూర్యకిరణం సోకి నశిస్తుంది. ఈనాడు లోకమంతట రక్తపిశాచికి ఎండ మృత్యువని నమ్మకం పాతుకొనడానికి ఆ చిత్రమే మూలం. అనుమతి లేని పాఠాంతరం మూలాన్ని మించి వ్యాపించినది.

ఇక కెయిన్ కథ. మొదటి భాగం ‘బ్లడ్ ఓమెన్’ 1996లో వెలువడినది. కెనడాకు చెందిన సిలికాన్ నైట్స్ సంస్థ దానిని రూపొందించినది. అమెరికా సంస్థ క్రిస్టల్ డైనమిక్స్ ప్రచురించినది. కథ నోస్‌గాత్ అనే కల్పిత లోకంలో జరుగుతుంది. ఆ లోకపు క్షేమం తొమ్మిది స్తంభాలపై ఆధారపడి ఉన్నది. మనస్సు, కాలం, ప్రకృతి, మృత్యువు మొదలైన ఒక్కొక్క తత్త్వానికి ఒక్కొక్క స్తంభం, దానికొక సంరక్షకుడు. వీటిలో సమత్వానికి సంరక్షకురాలు ఏరియెల్. ఆమె హత్యకు గురికాగా, ఆమెను ప్రేమించిన మనస్సంరక్షకుడు దుఃఖంతో మతి చలించి తోడి సంరక్షకుల మనస్సులను కూడ కలుషితం చేసినాడు. స్తంభాలు చెడి, లోకం కుళ్ళనారంభించినది.

కెయిన్ అనే యువ ప్రభువు హంతకుల చేత మరణించి, మృత్యుసంరక్షకుని మంత్రబలం వలన రక్తపిశాచియై లేస్తాడు. మొదట అతడు కోరేది పగ. పగ తీరిన పిదప కలుషితులైన సంరక్షకులను ఒక్కొక్కరినే వధిస్తూ సాగుతాడు. చివరకు తెలిసేదేమనగా, ఏరియెల్ తరువాతి సమత్వ సంరక్షకుడు తానే. స్తంభాలు బాగుపడవలెనంటే తాను కూడ మరణింపవలెను. అప్పటికి రక్తపిశాచులలో మిగిలినవాడు తానొక్కడే. మరణిస్తే జాతి అంతరిస్తుంది. జీవిస్తే లోకం నశిస్తుంది. ఈ నిర్ణయం ఆడేవానికే విడువబడినది. రెంటికీ వేరువేరు ముగింపులు చిత్రింపబడినవి.

1999లో వచ్చిన ‘సోల్ రీవర్’ను క్రిస్టల్ డైనమిక్స్ స్వయంగా రూపొందించగా, ఏమీ హెన్నిగ్ నిర్దేశకత్వం వహించినది. కెయిన్ త్యాగాన్ని నిరాకరించినాడన్న ముగింపునే ఈ భాగం స్వీకరించినది. శిథిలలోకానికి కెయిన్ సమ్రాట్టు. తన కంటె ముందుగా రెక్కలు మొలిచిన సేనాని రాజియెల్‌ను అతడు మృతుల సుడిగుండంలో త్రోయిస్తాడు. అట్టడుగున ఉన్న ఒక పురాతన దేవత రాజియెల్‌ను ఆత్మలను భక్షించే జీవిగా లేపి, పగకు ఉసికొల్పుతుంది. 2001, 2003 సంవత్సరాలలో వచ్చిన భాగాలలో ఈ పగ వెనుకనున్న పొరలు విడివడినవి. పూర్వజన్మలో రాజియెల్ రక్తపిశాచులను వేటాడిన వర్గానికి చెందినవాడు. అతని శవాన్నే కెయిన్ లేపి సేనానిని చేసుకొన్నాడు. కెయిన్ క్రౌర్యం వెనుక ఒక అన్వేషణ ఉన్నది. త్యాగమా, నాశనమా అన్న రెండు దారులు కాక మూడవదొకటి లేదా? ఎగురవేసిన నాణెం బొమ్మా బొరుసూ కాక అంచుపై నిలువరాదా? అతని తపన అంతయు అదియే.

2003 నాటి ‘డిఫయన్స్’ చివర రాజియెల్ తన ఇచ్ఛతో కెయిన్ ఖడ్గంలో లీనమై, కెయిన్‌ను పట్టిన పాత కాలుష్యాన్ని కడిగివేస్తాడు. అంతవరకు కనుపింపని దేవత అప్పుడు కెయిన్ కంటికి కనుపిస్తుంది. పోరు జరుగుతుంది గాని దేవత చావదు. స్తంభాలు కూలియే ఉన్నవి. కథ అంతటితో నిలిచినది.

తరువాతి భాగంగా ఉద్దేశించిన ‘ది డార్క్ ప్రాఫసీ’ 2004లో వేరొక సంస్థ చేతిలో ఆరంభమై కొద్ది కాలానికే ఆగినది. కొన్ని ఏండ్లకు ‘డెడ్ సన్’ అనే భాగాన్ని ఇంగ్లండులోని క్లైమాక్స్ స్టూడియోస్ చేపట్టినది. 2012లో అది రద్దయినది. ఆ సంగతి లోకానికి వెల్లడి అయినది 2013లో. అందులో కెయిన్, రాజియెల్‌లకు బదులు కొత్త నాయకులను నిలిపినారు. ఆ ప్రయత్నం నుండి ‘నోస్‌గాత్’ అనే పలువురు కలిసి పోరాడే ఆట ఒకటి మిగిలి, 2016లో అదియు మూతపడినది. దేవతకు గళమిచ్చిన నటుడు టోనీ జే 2006లోనే మరణించినాడు.

ఇట్టి కథకు ప్రత్యామ్నాయం ఊహించడం మూలానికి ద్రోహం కాదు. ఈ మాలికలో ప్రత్యామ్నాయం మొదటినుండి గర్భితమై ఉన్నది. 1996లో రెండు ముగింపులు ఉన్నవి. 1999 భాగానికి మొదట యోచించిన ముగింపు వేరు: రాజియెల్ కెయిన్‌ను వధించి, ఒక మహాభవనపు నాదంతో రక్తపిశాచ జాతినే తుడిచిపెట్టవలెను. సంకల్పించినది గడువుకు మించినదై ఆ భాగమంతయు వదలివేయబడినది. వదలినందుననే తరువాతి కథకు తావు కలిగినది. కెయిన్ బ్రతికి ఉండుట వలననే మూడవ దారి అన్న భావం పుట్టి పెరిగినది. కోత ఒక్కొక్కసారి కథను రక్షిస్తుందన్న సంగతి ధారావాహికలు వ్రాసినవారికి క్రొత్త కాదు.

అయితే ఏ ప్రత్యామ్నాయమైనను అంగీకారయోగ్యం కాదు. పోలిడోరి, ఎఱ్ఱన చేసిన పనులను పక్కపక్కన పెట్టి చూస్తే మూడు నియమాలు తోచుతవి. ఒకటి, కొనసాగించేవాడు మూలంలో ఉన్న ముడినే విప్పవలెను. తాను తెచ్చిన ముడిని కాదు. రెండు, మూలపాత్రలు పడిన కష్టాన్ని వ్యర్థం చేయరాదు. మూడు, మూలానికి సహజమైన రూపంలోనే ముగింపు పలకవలెను. భారతశేషం చంపూరీతిలోనే సాగవలసినట్లు, గేమ్‌కు ముగింపు ఆడేవాని చేతి పనిలో ఉండవలెను గాని చివరి ఉపన్యాసంలో కాదు. కొత్త నాయకులను తెచ్చిన ‘డెడ్ సన్’ యోచన మొదటి నియమం వద్దనే తడబడినదని చెప్పవలసి ఉన్నది. కొత్త పాత్రలు రావడం దోషం కాదు. కెయిన్‌కు 1996లో వేసిన ప్రశ్నకు వేరొకరు బదులు చెప్పలేరన్నదే చిక్కు.

ఈ నియమాలకు లోబడి ఉత్తరకథను ఒక విధంగా ఇట్లు ఊహింపవచ్చును.

కెయిన్ చేతిలో ఖడ్గమున్నది. ఖడ్గంలో రాజియెల్ ఆత్మ ఉన్నది. ఆ ఆత్మ తోడు లేనిదే దేవతను గాయపరచడం సాధ్యం కాదు. కెయిన్ మొదటి యత్నం సహజంగా వేట. భూగర్భంలో వ్యాపించిన దేవత బాహువులను ఒక్కొక్కదానినే నరుకుతూ పోతాడు. ప్రతి విజయానికి ఖడ్గం మరింత బలపడుతుంది. ఆడేవాడు కూడ ఆ బలానికి అలవాటు పడతాడు; మూసిన తలుపుకు, పారని నీటికి, మీద పడే శత్రువుకు అన్నిటికీ ఖడ్గమే మందు. ఐతే బలం పెరిగిన కొలది లోపలి గళం క్షీణిస్తుంది. మొదట వాదించిన రాజియెల్ తరువాత మాటకు బదులు చెప్పడం మానుతాడు; ఆపైన ఆకలి తప్ప మరేమీ పలకడు. ఈ మార్పును ఏ పాత్రయు ఎత్తి చెప్పనక్కరలేదు. ఖడ్గం మోగే ధ్వనిలోనే ఆడేవానికి అది తెలియవలెను.

నడుమ భాగం స్తంభాలకు సంబంధించినది. వాటిని నిలుపుటకు కొత్త సంరక్షకులు కావలెను. పూర్వం కెయిన్ తనకు సేనానులు కావలసినప్పుడు సమాధులు త్రవ్వి శత్రువుల శవాలను లేపినాడు. వారి సమ్మతి అడుగలేదు. రాజియెల్ కథ సాంతం ఆ అడుగని ప్రశ్న నుండి పుట్టినదే. ఈసారి సమ్మతి లేనివాడు సంరక్షకుడు కాజాలడు. బలవంతాన నిలిపిన స్తంభం మరల కూలుతుంది. ఎవరినీ ఏనాడూ అడిగి ఎరుగని చక్రవర్తి మనుష్యుల ముంగిట నిలిచి అడుగవలసి వస్తుంది. కొందరు నిరాకరిస్తారు. నిరాకరించినవారిని చంపి ముందుకు పోవడానికి ఆడేవానికి వీలున్నది. పోతే స్తంభాల సంఖ్య తగ్గుతుంది. లెక్క ఎవరూ చదివి వినిపించరు.

చివర కెయిన్ దేవత ముందు నిలుస్తాడు. ఒక్క వ్రేటుతో అది నశిస్తుంది. కాని ఆ వ్రేటుకు రాజియెల్‌లో మిగిలిన చివరి స్పృహ ఖర్చవుతుంది. ఆత్మలను భక్షించి బ్రతికే దేవతను వధించుటకు కెయిన్ తానే ఒక ఆత్మను భక్షింపవలెను. రెండవ దారి, ఖడ్గాన్ని సమత్వస్తంభం మొదట విడిచి రాజియెల్‌ను విముక్తుని చేయడం. అప్పుడు దేవత చావదు. ఐతే సమ్మతితో నిలిచిన సంరక్షకుల చేత స్తంభాలు లేచి, దాని ఆహారం తెగుతుంది. కెయిన్ కంటికి అది మరల కనుపింపదు. అది ఉన్నదన్న ఎరుక మాత్రం మిగులుతుంది. 1996లో అడిగిన ప్రశ్న చావా, ఏలుబడా అన్నది. దానికి ఇక్కడ దొరికే బదులు రెండూ కాదు: తనకు ఉపకరించే మరొకని ఆత్మను పనిముట్టుగా వాడడం మానివేయడం. నాణెం అంచుపై నిలువడం అనగా ఇదియే కావచ్చును. ఇంతసేపు మీటను నొక్కి వ్రేటు వేయుటకు అలవాటుపడిన ఆడేవాడు చివర నొక్కక ఊరకుండవలెను. ఊరకుండుటయే ఆ కథకు చివరి క్రియ.

దేవతను సంహరింపక విడిచిన కథ పిరికిదని ఒక ఆక్షేపణ రావచ్చును. ఇన్ని భాగాల వైరానికి వధయే తగిన ఫలమని అనేవారి వాదంలో బలం లేకపోలేదు. కాని వధలో రాజియెల్ ఆత్మార్పణానికి విలువ పోతుంది. అతడు కెయిన్‌కు కన్నులిచ్చినది మరొక ఆత్మభక్షకుని కన్నుల కొరకు కాదు. తెలుగు పాఠకునికి ఈ ముగింపు వింతగా తోచనక్కరలేదు. శవాన్ని భుజాన మోసిన విక్రమార్కుడు ప్రతి ప్రశ్నకు బదులు చెప్పి ప్రతిసారి ఓడినాడు; బదులు తోచక మౌనం వహించిననాడు బేతాళుడు ప్రసన్నుడైనాడు. రిచర్డ్ బర్టన్ 1870లో ఆ కథలను ఆంగ్లంలో చెప్పినప్పుడు బేతాళుని వాంపైర్ అనియే పేర్కొన్నాడు. మూలంలోని కథలు తీరిన పిదప ‘చందమామ’ పత్రిక కొత్త కథలు కల్పిస్తూ బేతాళుని దశాబ్దాల పాటు నడిపినది. రాజు మౌనం వీడి మాటలాడినంతకాలం ఆ చట్రంలో కథకు అంతం లేదు.

ఐతే బేతాళుడు అందరి సొత్తు, కెయిన్ కాడు. కెయిన్ పాత్రపై హక్కు ఎవరిదన్న విషయమై సృష్టించిన సంస్థకు, ప్రచురించిన సంస్థకు నడుమ వ్యాజ్యం నడచి రాజీతో ముగిసినది. ఆ పిదప హక్కు కలిగిన సంస్థనే 1998లో ఐడాస్, ఐడాస్‌ను 2009లో జపాను సంస్థ స్క్వేర్ ఎనిక్స్ కొన్నవి. 2022లో అది స్వీడన్‌కు చెందిన ఎంబ్రేసర్ చేతికి పోయినది. కథను కల్పించినవారికి దానిని ముగించే అధికారం ఈ క్రయవిక్రయాలలో ఎక్కడా కనుపింపదు. ఎఱ్ఱనకు నన్నయ వారసుల అనుమతి పత్రం అక్కరలేకపోయినది. నేటి రచయిత తన పాత్రను తానే మరల ముట్టుకొనవలెనన్నను సంతకాలు కావలెను. టెలివిజన్ ధారావాహికలకు, చలనచిత్రాలకు, గేమ్‌లకు కలం పట్టుతున్న తెలుగు రచయితలకు ఇది దూరపు సంగతి కాదు. ఒప్పందంలో పారితోషికం అంకె చూచుకొన్నంత శ్రద్ధతో, కథ నడుమ ఆగిపోతే దానిపై తమకు మిగిలేదేమో కూడ చూచుకొనవలసి ఉన్నది.

మరొక నష్టం కూడ కలదు. తాళపత్రంపై సగంలో ఆగిన కావ్యం సగమైనా నిలుస్తుంది. రద్దయిన గేమ్ బయటికి రానే రాదు; దాని చిత్తుప్రతులు, బొమ్మలు, ధ్వనిముద్రణలు సంస్థ అరలలో ఉండిపోతవి. 2024 డిసెంబరులో ‘సోల్ రీవర్’ మొదటి రెండు భాగాలు మెరుగులు దిద్దుకొని మరల వెలువడినప్పుడు, పాతిక సంవత్సరాల క్రిందట వదలివేసిన ప్రదేశాలు కొన్ని అందులో చేర్చబడినవి. ఆడేవారు అసంపూర్ణమైన ఆ మందిరాలలో తిరిగి చూడవచ్చును. అక్కడ శత్రువు లేడు, కథ లేదు. ఇట్టి చిత్తుప్రతులను భద్రపరచి వెల్లడించడం సాహిత్యసేవలో ఒక భాగమేనని ఆ చిన్న పని సూచించినది. వదలిన గది తలుపు తెరిచి ఉంచితే, దానిని ఏ ఎఱ్ఱన అయినా ఒకనాటికి పూరింపవచ్చును.